నల్లేరూ, పికిలిపిట్టా, మా వలీ మాస్టరూ

మా హైస్కూలులో చిరకాలం చిత్రలేఖనోపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న మస్తాన్ వలీ గారు గడచిన శుక్రవారం ఉదయం తుదిశ్వాస విడిచారు. ఈ వాక్యం రాసి, కలం కింద పెట్టి, మళ్లీ ఒకసారి చదువుకున్నాను. వేరెవరి గురించో రాసినట్టుంది. గురువారం సాయంకాలమే ఆయన మా ఇంటి అరుగు మీద కూర్చుని నాతో తగవు పడ్డారు. ఈ ఏడు నల్లేరు కాయలు ఆలస్యంగా పండుతాయని నేను, ఇప్పటికే పండాయని ఆయన. "నీవు పుస్తకంలో చూసినావు, నేను దడి మీద చూసినా" అని గొడుగు చంకన పెట్టుకొని లేచి వెళ్లిపోయారు. నిన్న తగవు పడిన మనిషి నేడు లేడంటే బుద్ధి ఒప్పుకోదు. కబురు తెచ్చిన పాత విద్యార్థిని నేను కసురుకున్నాను కూడా. వాడు ముఖం తుడుచుకొని, "నిజమే సార్, నేను చూసే వస్తాండా" అన్నాడు. అప్పుడు అరుగు దిగి వాడి వెంట నడిచాను.

ఆయన శిష్యులకు ఆయనను నేను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. ఎరుగనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. తనకల్లులో జట్కాబండి తోలుకునే ఇంట పుట్టి, కష్టపడి చిత్రలేఖనంలో పరీక్షలు నెగ్గి, ధర్మవరం చేరి, ఇక్కడే స్థిరపడ్డారు. సన్నని పొడుగాటి మనిషి. తెల్లని చొక్కా, చెవి వెనుక పెన్సిలు, వాన లేని ఊళ్లో ఏడాది పొడుగునా గొడుగు. పగలు బడిలో పిల్లలకు గీతలు నేర్పేవారు. సాయంకాలం మగ్గాల వీధుల్లో కూర్చుని పట్టుచీరల అంచులకూ కొంగులకూ గళ్ల కాగితం మీద నమూనాలు గీసి ఇచ్చేవారు. "మాస్టరుగారూ, మీ ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారు?" అని కొత్తగా వచ్చిన పంతులొకరు అడిగితే, "నమాజుకు అరబ్బీ, చుట్టాలొస్తే ఉర్దూ, మా యమ్మితో కొట్లాడేదానికి తెలుగు. ఎక్కువగా తెలుగే" అన్నారు. యమ్మి అంటే ఆయన భార్య ఖాజాబీ గారు, నాకు వదిన.

నాకు ఆయన అన్న. వయసులో పెద్ద, మాటలో అంతకన్నా పెద్ద. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను ఈ బడికి ప్రకృతిశాస్త్రం చెప్పడానికి వచ్చాను. మొదటివారంలోనే మా ఇద్దరికీ తగవు వచ్చింది. బడి వెనుక రాళ్లు పేర్చి కంప కొట్టిన దడి ఒకటి ఉండేది. దాని నిండా నల్లేరు అల్లుకొని ఉండేది. పికిలిపిట్టలు దాని మీద వాలి కూస్తుండేవి. నేను పిల్లలకు ఒక పాఠంలో తీగజాతులు చెప్పి, ఇంకో నెలలో పక్షిజాతులు చెప్పాను. ఆ సంగతి ఎవరో చెబితే వలీ గారు నా గదికి వచ్చి నిలబడ్డారు. "ఏమప్పా సైన్సు, తీగను ఒక గదిలో, పిట్టను ఒక గదిలో పెట్టి తాళమేసినావంట. దడి మీద అవి రెండూ కలిసే ఉండాయి గదా" అన్నారు. కోపం వచ్చింది నాకు. శాస్త్రానికి ఒక క్రమం ఉంటుందని వాదించాను. "ఉండనీ. రేపు ఇద్దరమూ దడికాడ నిలబడి రెండింటికీ పోలికా తేడా చెప్పుకుందాం" అన్నారు. ఆ రేపు మొదలైన వాదం ఆయన పోయేదాకా సాగింది.

నా వాదం నేను ముందు చెబుతాను. నల్లేరు వేరు పట్టుకొని ఉండేది, పికిలి రెక్క నమ్ముకొని తిరిగేది. నల్లేరు కాడ నాలుగు పలకలుగా ఉండి, కణుపు దగ్గర నొక్కినట్టు సన్నబడుతుంది. కణుపుకు ఒకవైపు ఆకు, ఆకుకు ఎదురుగా నులితీగ. ఎండలు ముదిరితే ఆకులు రాల్చేసి కాడలో దాచుకున్న నీటితోనే కాలం గడుపుతుంది. తుంచి పారేసిన ముక్క కూడా రెండు చినుకులు పడితే వేరు పోసుకుంటుంది. పికిలి పిడికెడు పిట్ట. నెత్తిన నల్లని జుట్టు, తోక మొదట్లో అడుగున కుంకుమంత ఎరుపు. నీళ్లు దాచుకునే చోటు దానికి లేదు. ఏ పూటకు ఆ పూట వెతుక్కోవలసిందే. కోయిల మాదిరి వసంతం కోసం కాచుకోదు, నెమలి మాదిరి మబ్బు కోసం ఎదురు చూడదు. మబ్బు కోసం ఎదురుచూసే పిట్ట మా సీమలో పాడాలంటే కష్టమే. ఒకటి మౌనంగా పాకుతుంది, ఇంకొకటి ఊరుకోకుండా కూస్తుంది. ఇంతటి వైరుధ్యం గల రెండు జీవులను ఒకే పాఠంలో చెప్పమంటే ఎట్లాగని నా ప్రశ్న.

వలీ గారు అంతా విని, పెన్సిలు చెవి మీదనుంచి తీశారు. "రెండింటికీ పట్టు ఉండాది చూడు. నల్లేరు నులితీగతో పట్టుకుంటాది, పికిలి కాలేళ్లతో పట్టుకుంటాది. ఆ పట్టు గీసేది వస్తే రెండూ వచ్చినట్టే" అన్నారు. తరువాత, "నల్లేరుకు కాళ్లు లేవంటివి. పండు మింగిన పిట్ట కడుపులో ఎక్కి అది ఊళ్లకు ఊళ్లు పోతాంది. పిట్టకు వేరు లేదంటివి. పండు ఉన్నన్నాళ్లు ఈ దడి ఇడిసి పోతాందేమో చూడు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. మనసులో ఒప్పుకున్నాను. మరుసటి ఏడు నుంచి ఆ రెండు పాఠాలనూ దడి దగ్గర కలిపే చెప్పాను.

"నీకు పదారు తేడాలుండాయి. గీసేవానికి ఒకటే తేడా" అని కూడా ఆయన అన్నారు. "తీగను ఎట్ల తిప్పిపెట్టినా తీగే. ఈ పక్కనుంచి చూస్తే పైకి పాకిందంటారు, ఆ పక్కనుంచి చూస్తే కిందికి దిగిందంటారు. పిట్టను తిప్పిపెడితే మాత్రం సచ్చిన పిట్ట." ఈ మాట ఆయన ప్రతి తరగతిలోనూ చెప్పేవారు. ఆయన శిష్యులలో దీనిని వినని వారుండరు.

ఆయన చమత్కారానికి ఒక ఉదాహరణ. బడి తనిఖీకి పై అధికారి వస్తున్నాడని ప్రధానోపాధ్యాయులవారు స్వాగతఫలకం మీద హంసలు గీయమన్నారు. తీరా తెర తీసి చూస్తే, నల్లేరు తీగ మీద రెండు పికిలిపిట్టలు తోకలెత్తి కూర్చున్నాయి. ప్రధానోపాధ్యాయులకు ముచ్చెమటలు పోశాయి. "హంసలేవయ్యా?" అని గొంతు తగ్గించి అడిగారు. "హంసను నేను చూడలేదు సార్. మీరు చూసింటే చెప్పండి, గీస్తా" అన్నారు వలీ గారు తాపీగా. అధికారి ఆ మాట విని నవ్వి, తన ఊళ్లో వీటిని ఏమంటారో చెప్పి, ఆ ఫలకం ముందు చాలాసేపు నిలబడ్డారు. మా ప్రధానోపాధ్యాయులు బతుకుజీవుడా అనుకున్నారు.

కరువు ఏటా వచ్చే చుట్టం మాకు. ఒక ఏడు మరీ ముదిరి, బడి బావిలో బురద కూడా ఎండింది. పిల్లలు సగం మంది పెద్దవాళ్ల వెంట పనులకు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లకు కాగితాలు కొనే స్థితి లేదు. వలీ గారు వారిని వరండాలోకి తీసుకువెళ్లి నాపరాళ్ల మీద బొగ్గుతో గీయించారు. నేను ఆ ఎండిపోయిన దడిని చూస్తూ దిగులుగా ఏదో అన్నాను. "కరువులో నల్లేరు ఊరకుంటాది, పికిలి పాడుతాది. మనిషికి ఊరకుండేదీ రావల్ల, పాడేదీ రావల్ల. ఒకటే వస్తే బతకలేం" అన్నారు. ఆయన చెప్పిన మాటల్లో నాకు ఇదే ఎక్కువ ఇష్టం. తరువాతి కాలంలో ఆయన బతుకులో ఈ రెండింటిలో ఒకటి పోయింది. ఆ సంగతి చెప్పకుండా ఈ సంస్మరణ పూర్తి కాదు.

మగ్గాల వీధిలో చౌడప్ప అనే నేతగాడు ఉండేవాడు. వలీ గారికి అతడంటే ప్రాణం. అతడి పెద్దకూతురు సుబ్బరత్నమ్మ, ఇంట్లో రత్న అనేవారు. ఆమెకు సోమందేపల్లె సంబంధం కుదిరింది. పెండ్లిచీర ఇంట్లోనే నేయాలని, నమూనా వలీ గారే గీయాలని చౌడప్ప పట్టు. వలీ గారు సంతోషంగా నెమళ్లు గీసుకొని వెళ్లారు. రత్న ఆ కాగితం చూసి, "మామా, నెమలిని నేను యాడ చూసినా? మా ఇంటెనక నల్లేరు మీద కూసోని కూస్తాదే, ఆ పిట్టను గీయి. నేను సోమందేపల్లెకు పోయినాక అది నాకు కనపడల్ల" అంది. అక్కడున్న ఆడవాళ్లు నవ్వారు. పెండ్లిచీర మీద పికిలిపిట్టేమిటని దెప్పారు. వలీ గారు మాత్రం నవ్వలేదు. ఆ రోజు నా దగ్గరకు వచ్చి, "ఇన్నేండ్లకు ఒక పిల్ల నన్ను పికిలిని గీయమనిందప్పా" అన్నారు. ఆయన అంత ఉల్లాసంగా ఉండగా నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

ఆ నమూనా కోసం మేమిద్దరం దడి దగ్గర గడిపిన సాయంకాలాలు నాకు కళ్లకు కట్టినట్టున్నాయి. నులితీగ ఆకుకు ఎదురుగా రావాలని నేను, అట్లా వస్తే గీత విరుగుతుందని ఆయన. చివరికి నా మాటే నెగ్గింది. కొంగు నిండా నల్లేరు కణుపులు, కణుపు కణుపుకూ ఒక పికిలి, జుట్టు నిక్కించుకొని కాలేళ్లతో తీగను గట్టిగా పట్టుకొని. చిన్న చిన్న గళ్ల కాగితం మీద చుక్క చుక్కగా గీసిన ఆ పిట్టలను చూస్తే ఎగిరిపోతాయేమోనని చేయి అడ్డుపెట్టాలనిపించేది.

మగ్గం సంగతి తెలియనివారి కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. అమ్మకానికి నేసే చీరకు మా ఊళ్లో నడిమి భాగం ముందు నేసి, కొంగు చివర నేస్తారు. కొంగు భుజం మీదనుంచి వెనక్కు వేలాడుతుంది కదా. అందులో పిట్ట నిటారుగా కనిపించాలంటే దాని తల భుజం వైపు, కాళ్లు కొంగు కొస వైపు ఉండాలి. నడిమి భాగం ముందు, కొస చివర కాబట్టి మగ్గం మీద మొదట రావలసింది పిట్ట తల, తరువాత కాళ్లు. వలీ గారు ఏళ్ల తరబడి నెమలినీ చిలుకనూ ఆ వరుసలోనే గీసేవారు. ఆయన కాగితాన్ని బట్టి అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గానికి తగిలిస్తే, ఆ వరుసలోనే నేత సాగేది. పికిలిని కూడా అట్లాగే గీసి ఇచ్చారు.

అయితే చౌడప్ప ఇంట్లో ఆడబిడ్డ పెండ్లిచీరకు వేరే ఆచారం ఉంది. అమ్మే చీర కొంగుతో ముగుస్తుంది, కన్నబిడ్డ చీర కొంగుతో మొదలవుతుంది. తల్లి మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి, కొంగు కొస దగ్గర మొదటి పోగు వేయిస్తుంది. తాతలనాటి నుంచి జరిగే పని కనుక, ఇది పరాయివారికి చెప్పవలసిన విషయమని చౌడప్పకు తోచలేదు. తెలియదు కనుక అడగాలని వలీ గారికి తోచలేదు. మగ్గం గుంటలో కూర్చున్నవాడికి పిట్ట ఎప్పుడూ తల తన వైపు పెట్టుకొనే కనిపిస్తుంది. ఈసారీ అట్లాగే కనిపించింది. నేసిన గుడ్డ నేసినట్టే దోనె అనే చుట్టుకర్రకు చుట్టుకుపోయింది. పెండ్లి ముందురోజు చీర కోసి తీసేదాకా ఎవరూ దానిని పరచి చూడలేదు.

ఆ రోజు మమ్మల్నిద్దరినీ పిలిచారు. రత్న తల్లి చీర మడతలు విప్పి కూతురి భుజం మీదనుంచి వెనక్కు వేసింది. నల్లేరు చక్కగా ఉంది. దానికి ఎట్లా ఉన్నా ఒకటే. దాని మీద పికిలిపిట్టలన్నీ కాళ్లు పైకి, తలలు కిందికి. చౌడప్ప తల్లి, ముసలావిడ, దగ్గరకు వచ్చి చేత్తో తడిమి, "ఇదేందప్పా, పిట్టలన్నీ తలకాయలు వాలేసినాయి. ఉచ్చేసి పట్టి కట్టినట్టు యాలాడతాండాయి" అంది. వలీ గారు గోడకు చేరగిలబడి కూర్చుండిపోయారు.

చౌడప్ప ఆయన పక్కన కూర్చున్నాడు. "తప్పు మాది అన్నా. మా ఇంటి పద్ధతి నీకు చెప్పలేదు" అన్నాడు. "కాదు. అడగాల్సింది నేను. గీసేవాడు అడగల్ల" అన్నారు వలీ గారు. అంగడికి పోయి వేరే చీర తెద్దామని ఎవరో అన్నారు. తల్లి కుంకుమ పెట్టి మొదలుపెట్టిన చీర మూల పడేయకూడదని ఇంకెవరో అన్నారు. మాట ఎటూ తెగలేదు. రత్న ఆ చీరను మడిచి గుండెకు ఆనించుకొని, "నేను ఇదే కట్టుకుంటా. పిట్టను అడిగింది నేనే గదా" అంది. మరునాడు ఆమె ఆ చీరతోనే పీటల మీద కూర్చుంది. వలీ గారు మగవాళ్ల వరుసలో వెనుక కూర్చున్నారు. పెండ్లికూతురి వీపు మీద వేలాడే ఆ కొంగు మీదనుంచి ఆయన చూపు మరల్చుకోలేదు. భోజనానికి లేవలేదు.

కాలం గడిస్తే ఇది నవ్వుకునే సంగతి అయిపోయేది. కాలం అందుకు ఒప్పుకోలేదు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన రత్నకు బిడ్డ దక్కలేదు. ఆ దుఃఖంలో ముసలావిడ, "పెండ్లినాడే పిట్టలు తల వాల్చినాయి. ఆపొద్దే అనుకుంటి" అని ఏడ్చిందట. ఆ మాటను మోసుకొచ్చి వలీ గారి చెవిన వేసిన పుణ్యాత్ముడు ఎవరో నాకు తెలుసు. పేరు రాయను. చౌడప్ప పరుగున వచ్చి, "ముసలిదానికి మతి లేదు అన్నా, మనసులో పెట్టుకోవాకు" అని చేతులు పట్టుకున్నాడు. వలీ గారు అతడికి టీ ఇప్పించి, ఇంటి దాకా సాగనంపి వచ్చారు. ఆ తరువాత ఆయన పిట్టను గీయలేదు.

వ్యాపారులు నెమళ్లు అడిగారు, హంసలు అడిగారు, చిలుకలు అడిగారు. "పిట్ట వద్దప్పా, తీగ గీసిస్తా" అనేవారు. ఆ తీగలు ఎంత అందమైనవో, ధర్మవరం చీర కట్టిన ఆడవారిని అడగండి. ఆయన నల్లేరు అంచు దేశమంతా తిరిగింది. ఎరిగినవాళ్లం చూస్తే మాత్రం ఆ తీగల్లో కణుపుల దగ్గర ఒక్కోచోట ఖాళీ కనిపించేది. అక్కడ ఎవరో కూర్చోవలసి ఉంది. బడిలో కూడా పక్షుల పాఠం వచ్చిందంటే పిల్లలకు నల్లబల్ల మీద గీసి చూపించమని నన్ను పిలిచేవారు. నేను గీసిన పికిలి కోడిపెట్టలాగ ఉండేది. పిల్లలు నవ్వేవారు. ఆయన నవ్వలేక కిటికీ బయటకు చూసేవారు.

నేను ఊరుకున్నానా? కోప్పడ్డాను. చదువుకున్నవారు, బొమ్మకూ పురిటికీ సంబంధం ఏమిటన్నాను. ఆ ఏడు ఆ వీధిలో ఎన్ని కాన్పులు చెడ్డాయో, వారందరి చీరల మీదా పికిలిపిట్టలున్నాయా అని అడిగాను. ఆయన ఓపికగా విన్నారు. "నాకు తెలీదా అప్పా? నాకు తెల్సు. నా చేతికే తెలీడం లేదు. పిట్ట తలకాయ కాడికి వచ్చేతలికి పెన్సిలు నిలిచిపోతాంది" అన్నారు.

ఏటా ఒకసారి ఆయన పెనుకొండ కోట బొమ్మ గీయాలని బయలుదేరేవారు. కోట ఆయనకు వంక. పెనుకొండ దాటి సోమందేపల్లెలో దిగేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. అప్పటికి రత్నకు ఇద్దరు పిల్లలు. రాట్నం పక్కకు జరిపి, "రా మామా. అత్త బాగుండాదా?" అని చాప పరిచి మజ్జిగ ఇచ్చింది. వలీ గారు పిల్లలను ఒకరి తరువాత ఒకరిని తేరిపార చూశారు. ఇంటి కప్పు చూశారు, రత్న చేతి గాజులు చూశారు, మగ్గం మీద ఉన్న మగనితో మాట్లాడారు. చీర మాట ఎత్తలేదు. ఆమె పెట్టిన ఉడకబెట్టిన శనక్కాయలు జేబులో పోసుకొని లేచారు. బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఇంత దూరం వచ్చి ఆ ఒక్క మాట అడగరేమని నేను విసుక్కున్నాను. "అడిగితే ఏం చెప్తాది? 'బాగుండాది మామా' అంటాది. పెద్దోళ్లను నొప్పించే పిల్ల కాదు. ఆ అబద్ధం ఇనేదానికి నేను రావల్నా?" అన్నారు. "పిల్లలు బాగుండారు. అది చూసినా గదా, చాలు" అన్నారు మళ్లీ. చాలలేదని ఆయన ముఖం చెబుతూనే ఉంది.

ఈ ఆదివారం, మూడోనాటి ప్రార్థనలు ముగిశాక, చౌడప్ప కూతురిని వెంటబెట్టుకొని వలీ గారి ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. రత్న ఖాజాబీ వదిన ఒడిలో తల పెట్టి ఏడ్చింది. తరువాత తెచ్చిన సంచిలోనుంచి ఆ చీర తీసింది. "అత్తా, మామ చేతి పని నా కాడ ఉండేది ఇదొక్కటే. నీకు చూపించి పోదామని తెచ్చినా" అంది. దానిని చూడగానే వదిన దుఃఖం కట్టలు తెగింది. "దీన్ని గీసినాక ఆయన మళ్లా పిట్టను గీయలేదు తల్లీ. నీ చీర మీద అవి తల్లకిందులైనాయని, నీకు చెరుపు చేసినానని కుమిలిపోయినాడు" అంది.

రత్న నిర్ఘాంతపోయింది. వాళ్ల అవ్వ అన్న మాట మా చెవిదాకా వచ్చిందని కూడా ఆమెకు తెలియదు. ఆమె చీరను ఒళ్లో పెట్టుకొని కొంగు విప్పింది. బియ్యం పట్టడానికి ఆడవాళ్లు ఒడి పట్టినట్టు, కొంగు కొసను రెండు చేతులతో ముందుకు పట్టుకుంది. "నా పక్కన కూసోని చూడు అత్తా. నువ్వు కూడా రా సార్" అంది. నేను వెళ్లి ఆమె భుజం వెనుక నిలబడి వంగి చూశాను.

పికిలిపిట్టలన్నీ నిటారుగా ఉన్నాయి. నల్లేరు కణుపులను కాలేళ్లతో పట్టుకొని, జుట్టు నిక్కించుకొని ఉన్నాయి.

"ఎనకనుంచి చూసేవాళ్లకు అట్లుంటాయేమో. నాకెప్పుడూ తల్లకిందులు కాలేదు" అంది రత్న. "సెరుగు నేను చేత్తో పట్టుకునేది ఇట్ల గదా. కండ్లు తుడుచుకున్యా ఇట్లనే గదా పైకెత్తుతా. అమ్మే చీరల్లోనే నెమళ్లు కట్టుకున్నోళ్లకు తల్లకిందులు. మామకు గూడా తర్వాత ఇది తట్టింటాదనుకుంటి. బిడ్డ పోయినాక ఒకపొద్దు పెట్టె తెరిచి, ఈ చీర ఒళ్లో పెట్టుకోని ఏడిస్తి. ఆపొద్దు గూడా ఇవి నిలబడుకోని నా దిక్కే చూస్తాండె. మా ఇంటెనక దడికాడ కూసున్నట్టుండె. వాటిని చూసే లేచి పొయ్యి ముట్టిస్తి."

"మరి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?" అని అడిగాను.

"మామ ఎప్పుడన్నా అడిగితే గదా సార్. చీర మాటెత్తితే, ఇంకొకటి గీయమని అడుగుతానేమోనని ఎత్తడం లేదనుకుంటి. ఏటేటా వస్తాండె. నన్ను చూసేదానికే వస్తాండాడనుకుంటి" అంది.

వలీ గారివంటి చిత్రకారుడు మా ఊళ్లో మళ్లీ పుడతాడేమో నేను చెప్పలేను. గీత నేర్చినవారు వస్తారు. గీసే ముందు దడి దగ్గర నిలబడి చూసేవారు, తన తప్పును ఎదుటివారు మరచినా తాను మరవనివారు, ఒక ఆడబిడ్డ క్షేమం కోసం తన చేతి విద్యలో సగాన్ని విడిచిపెట్టగలవారు అరుదుగా పుడతారు. ఆమెను నొప్పించకూడదని ఆయన అడగలేదు. ఆయన అడగలేదు కనుక ఆమె చెప్పలేదు. మర్యాద తెలిసిన ఇద్దరి మధ్య ఇన్నేళ్లు ఒక చిన్న మాట నలిగిపోయింది. తీగను ఎటునుంచి చూసినా తీగే, పిట్టను మాత్రం ఒకేవైపునుంచి చూడాలని ఆయన పాఠం. ఆ వైపు ఎవరిదో ఆయనకూ తెలియలేదు, పక్కనే ఉన్న నాకూ తట్టలేదు. చీర కట్టుకున్న మనిషికి మొదటినుంచీ తెలుసు.

ఆ మహనీయునికి నమస్కరిస్తున్నాను. ఖాజాబీ వదినకు ధైర్యం చెప్పే శక్తి నాకు లేదు. ఆదివారం నాడు ఆ ఇంట్లో రత్న చెప్పిన మాటను మేమందరం విన్నాం. వినవలసిన మనిషికి శుక్రవారమే మట్టి ఇచ్చి వచ్చాం.